చేతులు వణకడం లేదు కదా, మరి మా బాపుకు ఏమైంది?

ప్రశ్న: మాది వరంగల్. మా బాపుకు 62 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో 30 ఏళ్లుగా గుమస్తా. ఏడెనిమిదేళ్ల నుంచి నిద్రలో అరుస్తాడు, చేతులు విసురుతాడు, తంతాడు. మొన్న తెల్లవారుజామున ఎవరో మిర్చి బస్తా ఎత్తుకుపోతున్నారని కలగని, పక్కన పడుకున్న అమ్మ ముఖం మీద గుద్దాడు. కన్ను కమిలిపోయింది. పక్కింటామె చాటుగా అడిగిందట, 'మీ ఆయన కొడుతున్నడా' అని. అమ్మ రెండు రోజులు ఏడ్చింది. మేనత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఆర్‌ఎంపీ డాక్టర్ నిద్రగోలి ఇస్తానన్నాడు.

ఈ ఏడాదిలో ఇంకో మార్పు చూస్తున్నాం. బాపు గొంతు తగ్గింది. హమాలీలు 'ఏందన్నా, మళ్ల చెప్పు' అంటున్నారట. తక్‌పట్టీల (రైతుకిచ్చే లెక్క చీటీల) మీద రాత లైను చివరికి వచ్చేసరికి చీమలబారులా అవుతోంది. ఫొటోల్లో నవ్వమన్నా నవ్వినట్టు ఉండడు. గ్యాస్‌కు ఒక గోలి, కళ్లు తిరగడానికి ఒక గోలి ఏడాదిగా వాడుతున్నాడు. ఫోన్‌లో వెతికితే పార్కిన్సన్స్, అంటే వణుకుడు రోగం అని వచ్చింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. కానీ చేతులు అస్సలు వణకడం లేదు. అయినా అదేనా? ఆపడానికి మందు ఉందా? బాపుకు చెప్పాలా వద్దా? తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, అదొక భయం.

సమాధానం: అమ్మా, ముందు మీ అమ్మ సంగతి. ఈ నాలుగు మాటలు ఆమెకు చదివి వినిపించండి. మీ బాపు ఆమెను కొట్టలేదు. కలలో బస్తా ఎత్తుకుపోతున్న దొంగను కొట్టాడు. ఆ చెయ్యి వెళ్లిన చోట మీ అమ్మ పడుకుని ఉంది. పగలు అణచుకున్న కోపం రాత్రి బయటికి వస్తోందని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఇలాంటి నిద్ర ఉన్నవాళ్లు చాలామంది పగలు నెమ్మదస్తులు. భార్య మీద ఒక్కనాడు గొంతు పెంచనివాళ్లు కూడా నిద్రలో గోడను గుద్ది వేళ్లు విరగ్గొట్టుకుని నా దగ్గరికి వచ్చారు. పక్కింటామె మళ్లీ అడిగితే, ఆయనకు నిద్రలో వచ్చే జబ్బు ఉంది, చూపిస్తున్నాం అని మీ అమ్మ తలెత్తుకుని చెప్పవచ్చు.

ఈ రాత్రి నుంచే ఇద్దరికీ వేరే పడకలు వేయండి. అలిగి వేరుపడినట్టు ఉంటుందని మీ అమ్మ ఒప్పుకోకపోవచ్చు. అదే గదిలో నాలుగడుగులు దూరంగా అయినా సరే, విడిగా పడుకోమనండి. మీ బాపు పరుపు నేల మీద వేస్తే పడి దెబ్బ తగిలించుకునే భయం ఉండదు. దగ్గర్లో గాజు బల్ల, టేబుల్ ఫ్యాన్, ఇనుప కూలర్ ఉంటే జరపండి. కిటికీ అద్దం వైపు తల పెట్టనివ్వకండి. ఆయన అరుస్తున్నప్పుడు మీద చెయ్యి వేసి కుదపవద్దు, ఆ చెయ్యి దొంగది అనుకుంటాడు. దూరం నుంచి గట్టిగా పిలిస్తే మెలకువ వస్తుంది.

ఇక జబ్బు. మనిషి నిద్రలో కొన్ని దశలు ఉంటాయి. కనుపాపలు రెప్పల కింద అటూ ఇటూ వేగంగా కదిలే దశను రెమ్ నిద్ర అంటారు. గట్టి కలలన్నీ దాదాపు అప్పుడే వస్తాయి. కలలో మనం పరుగెత్తుతున్నా కాళ్లు మంచం మీద కదలకుండా ఉండటానికి కారణం, ఆ సమయంలో మెదడు కాండం (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) నుంచి ఒంటి కండరాలకు తాళం పడటమే. ఊపిరికి, కళ్లకు తప్ప మిగతా ఒళ్లంతటికీ ఆ తాళం పడుతుంది. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త 1960లలో పిల్లుల మెదడు కాండంలో ఆ చిన్న భాగాన్ని దెబ్బతీసి చూశాడు. ఆ పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుకల మీదికి దూకాయి. మనుషుల్లో ఇదే సంగతిని అమెరికాలోని మిన్నెసోటాలో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ 1986లో గుర్తించి రాశారు. దీన్నే రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటాం, పొట్టిగా ఆర్‌బీడీ. రెమ్ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువ. అందుకే మీ ఇంట్లో లొల్లి తెల్లవారుజామున జరుగుతోంది. లేపగానే మీ బాపు బస్తా కల చెప్పగలగడం కూడా దీనికి సరిపోతుంది. నిద్రలో నడిచే అలవాటు వేరు. అది తొలి జాములో వస్తుంది, కళ్లు తెరిచే ఉంటాయి, లేపితే ఏమీ చెప్పలేరు. గాలి, ధూళి సంగతికి వస్తే, తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాని కోసం మేనత్తతో గొడవ అక్కర్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆపవద్దు.

మా మేనమామ గురించి చెప్పాలి. ఆయనది పరకాల దగ్గర ఒక పల్లె. 1980ల చివర నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చదువుకుంటూ ఎండాకాలం సెలవులకు అక్కడికి వెళ్లేవాణ్ని. వాకిట్లో వరుసగా నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. తెల్లవారుజామున మామ 'హే... హే...' అంటూ లేచి కూర్చుని చేతులు ఊపేవాడు. మక్కచేన్లో అడవిపందులు పడ్డాయని కల. అత్త తన కొంగు ఆయన మణికట్టుకు కట్టుకుని పడుకునేది, లేవబోతే తనకు తెలియాలని. మేమంతా నవ్వేవాళ్లం. మామది బాయి కాడి నుంచి పిలిస్తే ఇంటికి వినబడే గొంతు. కొన్నేళ్లకు ఆ గొంతు పలచబడింది. అత్త 'నోట్లనే గొణుగుతున్నవ్, గట్టిగ చెప్పరాదు' అని విసుక్కునేది. అప్పటికి నేను డాక్టర్ని. ఆమెకు చెవుడు వస్తోందేమో అనుకుని అత్తను చెవుల డాక్టర్ దగ్గరికి పంపింది నేనే. చెవులు బాగున్నాయని రిపోర్టు వచ్చింది. ఆ రిపోర్టు చూసి కూడా నాకు మామ గొంతు వైపు ఆలోచన పోలేదు. ఆయన కుడిచేతి వేళ్లు వణకడం కనబడింది ఇంకో ఆరేళ్లకు. అప్పుడు గానీ చూపించలేదు. మీ ఉత్తరంలో 'మళ్ల చెప్పు' అన్న మాట చదివినప్పుడు నాకు మా అత్త గొంతు వినబడింది.

అందుకే మీ అసలు ప్రశ్నకు సూటిగా జవాబిస్తున్నాను. వణుకు లేదు కాబట్టి ఏమీ లేదు అనుకోకండి. ఈ జబ్బును మనం వణుకుడు రోగం అంటాం. లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాసిన పుస్తకం పేరులోనూ వణుకే ఉంది. పేరు చూసి అందరూ చేతుల వంక చూస్తారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి వణుకు అసలు రాదు. ఆర్‌బీడీ ఉన్నవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి జబ్బు రావచ్చు. ఆ దారిలో వెళ్లేవాళ్లలో మొదట మారేది చాలాసార్లు గొంతు, ముఖం. కెనడాలోని మాంట్రియల్‌లో రొనాల్డ్ పోస్టుమా బృందం ఆర్‌బీడీ ఉన్నవాళ్లను ఏటేటా పరీక్షించి, చివరికి పార్కిన్సన్స్ తేలినవాళ్ల పాత రికార్డులు వెనక్కి తిరగేసి చూసింది. 2012లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం గొంతు తగ్గడం, ముఖంలో కదలిక తగ్గడం జబ్బు తేలడానికి దాదాపు 10 ఏళ్ల ముందే మొదలై ఉండవచ్చు. ఒళ్లు బిగుసుకోవడం, నడకలో తేడా, కాళ్లూ చేతులూ మెల్లబడటం సుమారు నాలుగున్నరేళ్ల ముందు నుంచి డాక్టర్ కంటికి కనబడ్డాయి. గడియారం పెట్టి వేళ్ల పనిని కొలిస్తే, కంటికి దొరకని మెల్లదనం ఇంకా ముందే బయటపడింది.

ముఖం సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఇంట్లోవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఎక్కువగా దీన్నే. మనిషి మామూలుగా ఉన్నా ముఖం సీరియస్‌గా కనబడుతుంది. రెప్ప కొట్టడం తగ్గుతుంది. మనవడు వచ్చి ఒళ్లో కూర్చుంటే లోపల సంతోషమే, కానీ అది చెంపల దాకా రాదు. 'బాపు మారిండు, ఎవరితోని మాట్లాడ బుద్ధైతలేదు' అని పిల్లలు అనుకుంటారు. ఫొటోలో నవ్వలేదని ఆయన్ను ఎవరూ దెప్పకండి.

చేతుల విషయంలో వయసు మెల్లదనానికీ ఈ మెల్లదనానికీ తేడా ఉంది. వయసుతో వచ్చే మెల్లదనం రెండు వైపులా ఒకేలా ఉంటుంది, మొదలుపెట్టిన పని చివరిదాకా అదే తీరున సాగుతుంది. పార్కిన్సన్స్ మెల్లదనం సాధారణంగా ఒక పక్క మొదలవుతుంది, చేస్తూ చేస్తూ ఉంటే కదలిక చిన్నదైపోతుంది. బొటనవేలికి చూపుడువేలు పెద్దగా తెరిచి కొట్టమంటే మొదటి నాలుగు బాగా తెరుచుకుంటాయి, పదోసారికి వేళ్లు అంగుళం కూడా విడిపోవు. తక్‌పట్టీ మీద మీ బాపు రాత అదే పని చేస్తోంది. రైతు పేరు పెద్దగా మొదలై, తూకం దగ్గర మామూలై, చివరి అంకెకు చీమంత అవుతోంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకుండా పక్కకు అంటుకుని ఉండటం కూడా ఇలాంటిదే. ఆ పక్క భుజం నొప్పి అని నెలల తరబడి ఫ్రోజెన్ షోల్డర్‌కు వైద్యం చేయించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రాత చిన్నదవడానికి కళ్లజోడు మారడం, శుక్లాలు కూడా కారణం కావచ్చు, కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు. మీరు చెప్పినవి మూడు. మూడూ ఒకే వైపు చూపుతున్నాయి.

ఇక్కడే ఒక పెద్ద 'కానీ' ఉంది. మీరు ఉత్తరం చివర్లో మామూలుగా రాసిన ఆ రెండు గోలీల దగ్గర నేను ఆగిపోయాను. మన దగ్గర గ్యాస్‌కు ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో పాంటాప్రజోల్, రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అనే మందు కలిపి ఉంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరగడానికి ఇచ్చే సిన్నరిజైన్, ప్రోక్లోర్‌పెరజైన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లునరిజైన్ కూడా ఈ కోవలోవే. ఇవి మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనం పనికి అడ్డుపడతాయి. నెలల తరబడి వాడితే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఒళ్లు బిగుసుకుని, ముఖం గట్టిపడి, నడక మెల్లబడుతుంది. మందు ఆపితే చాలామందికి కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో తగ్గుతుంది. మీ బాపు మార్పులు కనబడింది ఈ ఏడాదిలోనే, గోలీలు వాడుతున్నదీ ఏడాదిగానే. కాబట్టి ఇవాళే ఆ గోలీల పట్టీలు తీసి వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి. ఇవి ఉంటే, ఎలా ఆపాలో డాక్టర్‌ను వెంటనే అడగండి.

ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. అసలు ఆయనకు గ్యాస్ ఎందుకు వచ్చింది, కళ్లెందుకు తిరుగుతున్నాయి? ఈ దారిలో ఉన్నవాళ్లకు మలబద్ధకం ఎన్నో ఏళ్ల ముందే మొదలవుతుంది. పొట్ట ఉబ్బరంగా ఉంటే మనం గ్యాస్ అంటాం. కూర్చుని లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడమూ ముందస్తు గుర్తుల్లో ఒకటి. అంటే లోపల మెల్లగా మొదలైన మార్పుకు వచ్చిన లక్షణాలను గ్యాస్ అని, తిరుగుడు అని వేర్వేరు జబ్బులు అనుకుని, వాటికి ఇచ్చిన గోలీలే కదలికలను ఇంకా మెల్లగా చేసి ఉండవచ్చు. ఈ గొలుసు నేను చాలాసార్లు చూశాను. మెడికల్ షాపులో అడిగి ఒక నెలకని తెచ్చుకున్న గోలి మూడేళ్లు నడుస్తుంది. మీ బాపుకు పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాలకు ఒకసారి బీపీ చూడమని అడగండి. చాలాచోట్ల కూర్చోబెట్టి ఒక్కసారే చూసి పంపేస్తారు.

వాసన గురించి మీరు రాయలేదు. అది కూడా తగ్గి ఉండవచ్చు. మిర్చి యార్డులో 30 ఏళ్లు గడిపిన మనిషికి వాసన తెలియకపోతే ఘాటు వల్లే ముక్కు పోయిందనుకుంటారు. మిర్చి కోరును ముక్కు పసిగట్టేది వాసన నరంతో కాదు, ముఖానికి స్పర్శనిచ్చే వేరే నరంతో. కాబట్టి వాసన పూర్తిగా పోయినవాడు కూడా బస్తా విప్పగానే తుమ్ముతాడు. తుమ్ముతున్నాడు కాబట్టి ముక్కు బాగుందనుకోకండి. కళ్లు మూసుకోమని కొత్తిమీర, కాఫీపొడి, సాంబ్రాణి ఒక్కొక్కటి దగ్గర పెట్టి చూడండి. జలుబు, సైనస్, కోవిడ్ తర్వాత కూడా వాసన పోతుందన్నది గుర్తుంచుకోండి.

తర్వాతి పని, అసలు ఇది ఆర్‌బీడీయేనా అని తేల్చుకోవడం. గట్టిగా గురక పెట్టి, ఊపిరాగి, ఉలిక్కిపడి లేచే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు కూడా ఇలాగే చేతులు విసురుతారు. దానికి రాత్రిపూట మాస్కు మిషన్ పెడితే ఈ గొడవంతా పోతుంది. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల, ఎక్కువగా తాగే అలవాటు హఠాత్తుగా మానేసినప్పుడు, నిద్రలో వచ్చే మూర్ఛల వల్ల కూడా ఇలా జరగవచ్చు. కాబట్టి రాత్రంతా వీడియోతో చేసే స్లీప్ స్టడీ కావాలి. గడ్డం కింద, కాళ్ల మీద వైర్లు పెట్టి, రెమ్ నిద్రలో కండరాలకు తాళం పడుతోందా లేదా చూస్తారు. వేలికి, ముక్కుకు తగిలించి ఇంటికి పంపే చిన్న టెస్ట్‌లో గురక సంగతి తెలుస్తుంది గానీ ఇది తెలియదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'వీడియో ఉంటుందా, కండరాలు చూస్తారా' అని అడగండి. ముందుగా వరంగల్‌లోనే నరాల డాక్టర్‌కు చూపించి, స్లీప్ స్టడీ ఎక్కడ చేయించాలో ఆయన్నే అడగండి. హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే నిమ్స్‌లో నరాల విభాగం ఉంది. ఈలోగా ఒకటి రెండు రాత్రులు ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. ముందు బాపుకు చెప్పి తీయండి.

ఆర్‌బీడీ అని తేలితే? ఇంటర్నెట్‌లో భయపెట్టే అంకె ఒకటి కనబడుతుంది, అది ఎక్కడిదో చెప్తాను. 24 సెంటర్లలో స్లీప్ స్టడీతో ఖాయమైన 1,280 మందిని గమనించి 2019లో ప్రచురించిన పరిశోధన ఉంది. అందులో ఏడాదికి సుమారు 6 శాతం మంది పార్కిన్సన్స్ లేదా దానికి దగ్గరి జబ్బుల వైపు మళ్లారు. ఆ దగ్గరి జబ్బుల్లో లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ముఖ్యమైంది. 12 ఏళ్లకు ఆ లెక్క దాదాపు 73 శాతానికి చేరింది. చిన్న అంకె కాదు, మీకు తక్కువ చేసి చెప్పను. అదే అంకెను ఇంకో పక్క నుంచి చూడండి. ఏ ఏడాదికి ఆ ఏడాది 100లో 94 మంది ఎలా ఉన్నవాళ్లు అలాగే ఉన్నారు. 12 ఏళ్ల తర్వాత కూడా నాలుగో వంతు మంది ఏ జబ్బూ తేలకుండా ఉన్నారు. పైగా ఇది స్లీప్ సెంటర్ దాకా వచ్చినవాళ్ల లెక్క, నిద్రలో కలవరించే ప్రతి ఒక్కరిదీ కాదు. మీ బాపుకు కదలికల్లో మార్పులు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి, గోలీలు ఆపాక కూడా అవి పోకపోతే ఆయన్ను జాగ్రత్తగా గమనించాల్సిన వరుసలో పెట్టాలి. నరాల డాక్టర్ ఆరు నెలలకు ఒకసారి చూస్తే చాలు.

ఆ మధ్యలో మీరు ఇంట్లో చేయగలిగింది ఉంది. నిజం చెప్పాలంటే, డాక్టర్ పది నిమిషాల్లో చూసేదానికంటే మీరు చూసేదే ఎక్కువ. మూడు నెలలకు ఒకసారి, ఒక ఆదివారం పొద్దున, పేపర్‌లో ఏదో ఒక వార్త ఒక నిమిషం చదవమని ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్‌ను ప్రతిసారీ ఒకే దూరంలో పెట్టండి. ఒకే వాక్యాన్ని అదే పెన్నుతో గీతల్లేని కాగితం మీద ఐదు లైన్లు రాయించి తేదీ వేయండి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు వేశాడో రాసుకోండి. బల్ల మీద జానెడు దూరంలో రెండు గుర్తులు పెట్టి, ఒక చేత్తో వాటిని మార్చి మార్చి నిమిషంలో ఎన్నిసార్లు తాకాడో లెక్కపెట్టండి, తర్వాత రెండో చేత్తో. పాత తక్‌పట్టీ పుస్తకం ఏదైనా దొరికితే దాచండి. ఐదారేళ్ల కిందటి పెళ్లి వీడియో ఉంటే అందులో ఆయన నడకలో రెండు చేతులూ ఎలా ఊగుతున్నాయో చూడండి.

ఇంతకు మించి వద్దు. రోజూ చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే వెనకాల నిలబడి గడియారం చూడకండి. ఇల్లు పరీక్ష హాలు అయితే ఆయన ఇంకా ముడుచుకుపోతాడు.

మందు సంగతి. జబ్బు రాకుండా ఆపగలదని రుజువైన మందు ఇవాళ్టి వరకూ లేదు. ఉందని ఎవరన్నా డబ్బులు అడిగితే ఇవ్వకండి. రాత్రి గొడవను తగ్గించడానికి మెలటోనిన్, క్లోనజెపామ్ వాడతారు. ఆర్‌ఎంపీ ఇస్తానన్న నిద్రగోలి బహుశా రెండోదే, అయినా బాపు చేత ఇప్పుడే వేయించకండి. గురకలో ఊపిరాగే జబ్బు ఉంటే క్లోనజెపామ్ దాన్ని ఇంకా పెంచుతుంది. పెద్దవాళ్లు రాత్రి బాత్రూమ్‌కు లేచి తూలిపడతారు కూడా. స్లీప్ స్టడీ అయ్యాక డాక్టర్ తేలుస్తాడు. దూలగొండి గింజల పొడి గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది, పార్కిన్సన్స్‌కు మేం ఇచ్చే మందు అదే. అందుకే సొంతంగా మొదలుపెట్టవద్దు. జబ్బు ఉందో లేదో తేలకముందే పరీక్షలన్నీ మసకబారతాయి.

నడక మాత్రం ఇవాళే మొదలుపెట్టించండి. వ్యాయామం జబ్బును ఆపుతుందని మాట ఇవ్వలేను. కానీ కాళ్లలో సత్తువ, బ్యాలెన్స్, నిద్ర, మలబద్ధకం, వీటన్నిటికీ అది మంచి చేస్తుంది. భద్రకాళి బండ్ మీద పొద్దున్నే కాస్త ఆయాసం వచ్చే వేగంతో, రెండు చేతులూ బాగా ఊపుతూ నడవమనండి. గొంతుకు కూడా పని చెప్పండి. మనవడికి పేపర్ గట్టిగా చదివి వినిపించమనండి.

బాపుకు చెప్పాలా? చెప్పాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లకు జబ్బు సంగతి దాచడం ప్రేమ అనుకుంటాం. నేను 30 ఏళ్లుగా చూస్తున్నాను, దాచినచోట ఆ మనిషి అందరి ముఖాలూ చూసి అంతకంటే పెద్దదే ఊహించుకుంటాడు. మీ బాపు లెక్కల మనిషి, గొంతు తగ్గిన సంగతి హమాలీల కంటే ముందు ఆయనకే తెలిసి ఉంటుంది. అలాగని ఫోన్‌లో చదివినదంతా ఒక్క రోజున ఆయన ముందు కుమ్మరించవద్దు. 'రాత్రిపూట జరిగేదానికి ఒక పేరుంది బాపూ, టెస్ట్ చేయించుకుందాం, దాని గురించి నీకు ఎంత తెలుసుకోవాలని ఉంది?' అని అడగండి. ఆయన ఎంత అడిగితే అంత చెప్పండి. శాతాలు ఆయన అడిగితేనే. కొందరు మొదటి రోజే అన్నీ అడుగుతారు, పొలం కాగితాలు సర్దుకుంటారు, కాశీ వెళ్లొస్తారు. కొందరు 'డాక్టర్ చూసుకుంటడు తియ్' అంటారు. రెండూ సరైనవే, ఎంచుకోవాల్సింది ఆయన.

తమ్ముడి పెళ్లి గురించి భయపడకండి. పార్కిన్సన్స్‌లో ఎక్కువ శాతం తండ్రి నుంచి కొడుక్కి నేరుగా వచ్చేది కాదు. ఇంట్లో ఇంకెవరికీ లేకుండా, 60 దాటాక ఒక్కరికే వస్తే వంశం జబ్బు అనుకోనక్కర్లేదు. పైగా మీ బాపుకు ఇంకా ఏ జబ్బూ తేలలేదు. సంబంధం వాళ్లకు ఏం చెప్పాలన్నది తర్వాత మీ ఇంట్లోవాళ్లు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు గోలీల పట్టీలు, ఒక పాత తక్‌పట్టీ, ఒక కొత్త తక్‌పట్టీ, ఫోన్ వీడియో అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. అమ్మను ఇంట్లో వదిలి వెళ్లకండి. రాత్రి ఎన్నింటికి మొదలవుతుంది, ఏమని అరుస్తాడు, కళ్లు తెరుస్తాడా మూసుకుంటాడా అని డాక్టర్ అడిగినప్పుడు, ఈ ఎనిమిదేళ్లూ పక్కనుండి చూసినది ఆమె ఒక్కతే.